రెండింటి నుంచి నాలుగింటి దాకా

శుక్రవారం. ఫహాహీల్లో ఒక విల్లా కింది హాలు.
మాకు ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పీనోలు.
మా వంతు రెండింటి నుంచి నాలుగింటి దాకా.
కుర్చీల వేడి చల్లారకముందే కూచుంటాం,
ఆఖరి పాట అయ్యేసరికి గుమ్మంలో గిటార్లు.

విశ్వాస ప్రమాణంలో ఆ ఒక్క మాట దగ్గర
నాకు నాలుక మడతపడుతుంది.
అపొస్తలిక సంఘం.
పద్దెనిమిదేళ్ళు పరాయి వంటింట్లో ఉన్నదాన్ని,
యల్లా అంటే ఎటు పరిగెత్తాలో తెలుసు.
ఈ మాటకి ఎటు పరిగెత్తాలో తెలీదు.

మెట్ల మీద కుర్యాకోస్ అడిగాడోసారి,
మా మేడమ్ పిల్లల్ని బడికి దించే డ్రైవరు:
"మా వంశం తోమా గారి దాకా పోతుంది.
మీ తలల మీద ఎవరి చెయ్యి?"
మంచాడే. నవ్వుతూనే అడిగాడు.
తోమా పేరు వింటే నాకు గిన్నెలే గుర్తొస్తాయి.
ఆ రాత్రి తోముతూ వెనక్కి లెక్కపెట్టాను.

మా నాన్నమ్మకి మొదటి ప్రార్థన నేర్పింది గుణమణమ్మ,
రాజోలు కాలవ గట్టున బైబిలు సంచీతో తిరిగిన మనిషి,
కాళ్ళకి చెప్పుల్లేవు.
ఆవిడకి నేర్పింది ఎవరో దొరసాని.
ఆ దొరసానికి ఎవరో, ఏ ఓడరేవులోనో.
అక్కడ నా లెక్క తప్పింది.
కుళాయి వదిలేశానని మేడమ్ అరిచింది.
కట్టేశాను.

మా పాస్టరు కృపాదానం గారు
వారమంతా ఏసీలు బాగుచేసేవారు.
రొట్టె విరిస్తే గ్రీజు వాసన.
రొట్టంటే ఖుబూసు. ద్రాక్షరసానికి విమ్టో.
రంజాను ముందు కంపెనీ మూతపడింది, అకామా తీరిపోయింది.
వేలిముద్రలు వేయించుకుని విమానం ఎక్కించేశారు.
పది వేళ్ళూ.
మా తలల మీద ఆనించే పది వేళ్ళూ.

రెండు వారాలు ఊరికే పాడుకుని వెళ్ళిపోయాం.
మూడో వారం సీమోను ఫోను తీసి మైకుకి ఆనించాడు.
పదకొండు నిమిషాల మాట.
వెనక కోడి, ఎవరిదో మోటారు, ఆయన దగ్గు.

"కువైటులో ఉన్న సంఘానికి కృపాదానం చెప్పేది.
మంగాఫులో యెస్తేరమ్మకి వందనాలు. మోకాలు ఎలా ఉంది?
సీమోనూ, ఆ డ్రిల్లింగు మిషను హనీఫ్ భాయ్‌ది, ఇచ్చెయ్యి.
జీతం అందనివాళ్ళకి అన్నం పెట్టండి.
ఇద్దరు పోట్లాడుకున్నారట. పేర్లు చెప్పను. మానండి.
సల్వాలో కొత్త పిల్ల వచ్చింది కదా,
నాకు పేరు గుర్తు లేదు, మీరు కనుక్కోండి."

పత్రికల చివర ఫలానావారికి వందనాలు, ఫలానావారికి వందనాలు
అని వస్తే నేనెప్పుడూ దాటేసి ఆమేన్ దగ్గర దిగేదాన్ని.
ఆ రోజు ఒక్కో పేరుకీ ఒక్కో తల లేచింది.
సీమోను తల మాత్రం దించుకున్నాడు.

అపొస్తలుడంటే పంపబడినవాడని సండేస్కూల్లో చెప్పారు.
నన్ను పంపింది ఏజెంటు, లక్షా పది వేలకి.
దాని వెనక అప్పు, దాని వెనక ఆయన ఆసుపత్రి.
దేవుడు పంపాడని ఎన్నడూ అనలేదు,
అంత మాటకి నోరు రాదు.

ఇవాళ సల్వా పిల్ల వచ్చింది.
నెలకి ఒక్క శుక్రవారమే వదులుతారట.
పేరు అడిగాను. కెజియా.
చివరి వరసలో కూచుని, చెప్పులు విప్పి,
"ఎవరైనా నాకు ప్రార్థన చేస్తారా అక్కా" అంది.
చుట్టూ చూశాను. యెస్తేరమ్మ నావైపే చూస్తోంది.

నా చెయ్యి ఉల్లిపాయ వాసన, ఎంత కడిగినా పోదు.
ఆ తల మీద పెట్టాను.
మాటలు రాలేదు.
గుణమణమ్మవి వచ్చాయి, నాన్నమ్మ యాసతో సహా.

నాలుగు దాటింది. కుర్చీలు సర్దలేదు.
కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో ఫిలిప్పీనో కుర్రాడు,
గిటారు వీపున వేసుకుని,
మా భాష ఒక్క ముక్క రానివాడు,
కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.